నాలుగో బీరువా

పరీక్షలు అయిపోయాయంటే మా క్వార్టర్స్‌లో అట్టపెట్టెల కాలం మొదలైనట్టే. లెక్చరర్లు ఒక యూనివర్సిటీ వదిలి ఇంకోదానికి మారేది ఆ రెండు నెలల్లోనే. అయితే ఆ మాట ఎవరూ నోటితో అనరు. ఖాళీ అట్టపెట్టె తెచ్చుకోవాలన్నా దాన్ని మడిచి దుప్పట్లో చుట్టి, ఇస్త్రీ బట్టలు తెస్తున్నట్టు చంకన పెట్టుకుని మెట్లెక్కుతారు. మేనేజ్‌మెంట్‌కి ముందే ఉప్పందితే ఏదో ఒక కొర్రీ పెట్టి ఆపుతుందని భయం. దుప్పటి మూలలు నిటారుగా నిలబడితే లోపల ఏముందో ఆడవాళ్ళందరికీ తెలుసు. తెలియనట్టు "ఎండలు మండిపోతున్నాయి కదూ" అనుకుంటూ పక్కకి తప్పుకుంటాం.

ఆ ఎండాకాలం నేను పక్కింటి దుప్పట్ల సంగతి మర్చిపోయి మా ఇంటినే కాపలా కాశాను.

మా ఆయన లెక్కల లెక్చరర్. డాక్టరేట్ చేసినాయన. నేను పన్నెండో తరగతి సగంలో మానేసి పెళ్ళి చేసుకున్నదాన్ని. క్లాసులో ఆయన సుద్దముక్క పట్టుకుంటే గంట కొట్టినా పిల్లలు లేవరని అందరూ అంటారు. ఇంట్లో మాత్రం ఏదైనా అడిగితే సగం చెప్పి మిగతా సగం మింగేస్తారు. మా పాపకి మూడేళ్ళు. గువ్వ అని పిలుస్తాం. పుట్టినప్పటి నుంచీ దానికి ఆయాసం. మా గుమ్మం నుంచి యూనివర్సిటీ ఆసుపత్రి నాలుగు వందల అడుగులు. పిల్లని భుజాన వేసుకుని పరుగెత్తితే రెండు వందల డెబ్బై. రెండు రకాలుగానూ లెక్కపెట్టాను.

అందుకే ప్రతి ఎండాకాలం గుండె చిక్కబట్టుకుని అడిగేదాన్ని.

"మనం కూడా ఎక్కడికైనా వెళ్తామా అండీ?"

"ఎక్కడికెళ్తాం? నా ఒరిజినల్స్ వాళ్ళ బీరువాలో ఉన్నాయి కదా."

ఉద్యోగంలో చేరిన రోజే పదో తరగతి నుంచి డాక్టరేట్ దాకా అసలు సర్టిఫికెట్లన్నీ తీసుకుని లోపల పెట్టుకుంటారు. అవి చేతికి రానిదే ఇంకెక్కడా చేరలేరు. ఆ పద్ధతిని తలుచుకుంటే మిగతా ఇళ్ళలో ఆడవాళ్ళకి ఒళ్ళు మండేది. నాకు మాత్రం ప్రాణం కుదుటపడేది.

కానీ ఆ ఏడాది ఆయన వరసగా మూడు శనివారాలు ఊళ్ళో లేరు. పేపర్లు దిద్దడానికి వేరే కాలేజీకి పిలిచారన్నారు. పేపర్లు దిద్దేవాడికి నీలం చొక్కా ఎందుకు? అదీ తనే ఇస్త్రీ చేసుకుని! ఫోన్ వస్తే బాల్కనీలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకునేవారు. మాట్లాడి లోపలికి వచ్చాక కాసేపు గువ్వ బొమ్మలు సర్దేవారు. ఎన్నడూ సర్దని మనిషి.

పక్కింటి అక్కకి చెప్పుకున్నాను. వాళ్ళాయన కెమిస్ట్రీ సారు. మా ఇంట్లో ఉప్పు అయిపోయినా, నా మనసు బాగోకపోయినా ఆ తలుపే కొట్టేదాన్ని.

"పిల్లా, మగాడు తన చొక్కా తను ఇస్త్రీ చేసుకుంటున్నాడంటే ఆలోచించాల్సిందే. మా ఆయన మా పెళ్ళికే ముడతల చొక్కాతో వచ్చాడు. అందుకే నేను నిశ్చింతగా ఉన్నాను" అని పకపకా నవ్వింది.

"నవ్వకక్కా. నాకు అన్నం సయించడం లేదు."

అక్క నవ్వు ఆపి గొంతు తగ్గించింది. "మా ఇంట్లోనూ నడుస్తోందిలే. ఈయనకి వేరే యూనివర్సిటీ నుంచి రమ్మని లెటర్ వచ్చింది. పెద్దది ఇక్కడ ఆఖరి సంవత్సరంలో ఉంది, స్టాఫ్ పిల్లలని ఫీజు కూడా లేదు. నేను కదలనని కూర్చున్నాను. పెద్దసారు రిటైర్ అవుతున్నాడుగా, ఆ సైన్సు హెడ్డు కుర్చీ ఈయనకిస్తే ఉండిపోతానంటున్నాడు. ఎవరితోనూ అనకు."

"నేనెవరితో అంటాను?" అన్నాను.

ఆ మాట అని పది రోజులు కాలేదు, నవ్వుల మేడమ్ మా ఇంటికి వచ్చింది.

అంతకుముందు ఏడాది ఒకేసారి పదకొండు మంది వెళ్ళిపోయారు. దాంతో మేనేజ్‌మెంట్ హెచ్.ఆర్.లో కొత్తావిడని వేసుకుంది. ఉన్నవాళ్ళు పోకుండా చూడటమే ఆవిడ పని. ఇంటింటికీ వచ్చి టీ తాగి, అందరినీ ఒకటే ప్రశ్న అడిగేది, మీరు ఇక్కడ ఎందుకు ఉంటున్నారు అని. "పోయేవాణ్ణి ఎందుకు పోతున్నావని అడిగితే అర్థముంది. కూర్చున్నవాణ్ణి ఎందుకు కూర్చున్నావని అడిగితే లేచిపోవాలని గుర్తు రాదూ!" అనేది అక్క. ఎప్పుడూ పెదాల మీద నవ్వు ఉండేది కాబట్టి ఆ పేరు పెట్టింది కూడా అక్కే.

మేడమ్ కుర్చీలో కూర్చోకుండా గువ్వ పక్కన చాప మీద కూర్చుంది. దాని బొమ్మ బస్సుని నాలుగుసార్లు తోసింది. ఆ తర్వాత చిన్న నోట్‌బుక్ తీసింది.

"మీరు ఇక్కడ ఎందుకు ఉంటున్నారమ్మా?"

"ఆసుపత్రి దగ్గర కదండి. పాపకి ఆయాసం."

రాసుకుంది.

"సార్ ఎందుకు ఉంటున్నారు?"

ఒరిజినల్స్ మీ దగ్గర ఉన్నాయి కదా అని నాలుక చివరిదాకా వచ్చింది. "పిల్లలకి చెప్పడమంటే ఇష్టమండి" అన్నాను.

"తెలుసు తెలుసు. అంత మంచి టీచర్ మాకు ఇంకొకరు లేరు. మరి ఇంట్లో కూడా చెప్తారా పాపకి? శనివారాలు పార్కుకి తీసుకెళ్తారా?"

"శనివారాలా? ఎక్కడండి, మూడు వారాలుగా ఆయన ఊళ్ళోనే ఉంటే కదా."

అనేశాక నాలుక కరుచుకున్నాను. మేడమ్ ఏమీ రాసుకోలేదు. బొమ్మ బస్సుని ఇంకోసారి తోసింది అంతే. రాసుకుని ఉంటే అంత భయపడేదాన్ని కాదు.

లేచి వెళ్తూ గుమ్మంలో ఆగింది. "మాకు రికార్డు రూములో ఒక మనిషి కావాలి. ఇన్‌స్పెక్షన్ వస్తోంది, స్టాఫ్ కవర్లన్నీ వరసలో పెట్టాలి. తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా. పాప కింద క్రెష్‌లో ఉంటుంది, కిటికీలోంచి మీకు కనిపిస్తుంది కూడా. వస్తారా?"

"నేను పన్నెండో తరగతి కూడా పూర్తి చేయలేదు మేడమ్."

"అక్షరాలు వరసలో వచ్చా?"

"వచ్చండి."

"నాకన్నా నయం. సగానికి వచ్చాక నాకు తికమకే" అని నవ్వుతూ దిగిపోయింది.

ఆ సాయంత్రం చెప్పాను. మా ఆయన మంచినీళ్ళు తాగుతున్నవారు గ్లాసు దించేశారు.

"ఎక్కడా? రికార్డు రూములోనా?"

"అవునండి."

"వద్దు."

"ఎందుకు?"

"పాత కాగితాల దుమ్ము. నీ చీరకి అంటుకుని ఇంటికొస్తుంది. పాపకి పడదు."

"ఇంటికి రాగానే స్నానం చేస్తాను."

"నిన్ను ఎందుకు తీసుకుంటున్నారో తెలుసా నీకు? భార్యకి ఇక్కడ ఉద్యోగమిస్తే మొగుడు కాలు కదపడు. ఇదో కొత్త ఎత్తు."

"అయితే మీరు కదపాలనుకుంటున్నారా?"

ఆయన గ్లాసు ఎత్తి మిగిలిన నీళ్ళు తాగారు. ఆ గొంతులో ఉన్నది దుమ్ము భయం కాదని మాత్రం నాకు అర్థమైంది. ఆ గదిలో నా కంట పడకూడనిది ఏదో ఉంది. సోమవారం తొమ్మిదికి ఐదు నిమిషాల ముందే వెళ్ళి నిలబడ్డాను.

రికార్డు రూములో ఆరు ఇనప బీరువాలు. ఒక్కో లెక్చరర్‌కి ఒక్కో గోధుమరంగు కవరు, దాని మీద పేరు, లోపల ప్లాస్టిక్ సంచీలో ఒరిజినల్స్. నా పని ఒక్కో కవరు తీసి, లోపల ఏమున్నాయో చూసి, రిజిస్టర్‌లో రాసి, అక్షరాల వరసలో మళ్ళీ పెట్టడం. నేను ఒక్కసారైనా ముట్టుకుంటానని అనుకోని కాగితాలు. కొన్నింటికి బంగారు రంగు ముద్ర. మొదటి రోజు చేతులు తుడుచుకుని తుడుచుకుని ముట్టుకున్నాను. కిటికీలోంచి క్రెష్‌లో గువ్వ కనిపించేది, ఊపిరి తీసుకుంటుంటే దాని గౌను ఎలా కదులుతోందో కూడా. నిజం చెప్పాలంటే ఆ కుర్చీ నాకు నచ్చింది. ఒక చెయ్యి విరిగిన కుర్చీయే. కానీ పొద్దున్నే దాని కోసం తల దువ్వుకుని బయల్దేరడం నచ్చింది.

పదకొండింటికి మేడమ్ టీ కప్పుతో వచ్చి కూర్చునేది. మొదటి వారం "మీరు" అంది. రెండో వారానికి "నువ్వు" అయింది.

"మీ వరసలో ఎవరైనా ఇల్లు చూసుకుంటున్నారా బయట?"

"తెలియదండి."

"మీ పక్కింట్లో అట్టపెట్టెలేమైనా..."

"ఎండలు కదండి, అందరూ తలుపులు వేసుకునే ఉంటున్నారు."

నేను ఏదీ చెప్పలేదు. అయినా మెట్ల మీద నేను కనిపిస్తే మాటలు ఆగిపోవడం మొదలైంది. ఒకరోజు అక్క తలుపు కొట్టాను. సగమే తీసింది.

"ఏంటక్కా, పట్టపగలు గడియేసుకున్నావ్?"

"ఎండ పడుతోంది."

ఆ వైపు పొద్దున్నే తప్ప ఎండ రాదు. అప్పుడు సాయంత్రం నాలుగైంది.

మా ఆయన పేరు నాలుగో బీరువాలోకి వస్తుంది. మూడోదాని దగ్గరికి వచ్చేసరికి నా చెయ్యి నెమ్మదించింది. ఒక్కో కవరుని రెండేసిసార్లు చూడటం, పెట్టినవాటినే తీసి మళ్ళీ పెట్టడం. అందులో రాజీనామా ఉంటుందేమోనని ఒక భయం. నాకు తెలియని ఆడమనిషి పేరు ఏదైనా ఉంటుందేమోనని ఇంకో భయం. తలుచుకుంటే నవ్వొస్తుంది, ఆఫీసు కవరులో ఆడమనిషి పేరు ఎందుకుంటుంది? అనుమానానికి అంత తెలివుంటే బాగానే ఉండేది.

ఆఖరికి ఒక బుధవారం ఆయన కవరు తీశాను. తీయగానే తెలిసిపోయింది. అరచేతిలో మిగతావాటిలా బరువు లేదు. లోపల ప్లాస్టిక్ సంచీ లేదు. ఒకే ఒక్క చీటీ ఉంది. "నా ఒరిజినల్ సర్టిఫికెట్లు ఐదూ స్వంత పని మీద తీసుకున్నాను." కింద ఆయన సంతకం. తేదీ రెండేళ్ళ కిందటిది.

చీటీని ఉన్నట్టే లోపల పెట్టేశాను. రిజిస్టర్‌లో ఆయన పేరు పక్కన ఏం రాయాలో తెలియక ఖాళీగా వదిలేశాను. రెండు ఎండాకాలాలు ఆ మనిషి నా ముందు కూర్చుని, వాళ్ళ బీరువాలో ఉన్నాయి కదా అన్నాడు. నేను హాయిగా ఊపిరి పీల్చుకున్నాను.

సాయంత్రం ఆయన గువ్వని పార్కుకి తీసుకెళ్ళారు. వాళ్ళు మలుపు తిరిగేదాకా చూసి, స్టూలు వేసుకుని గదంతా వెతికాను. అలమార మీద పాత ప్రశ్నపత్రాల పెట్టె ఉంటుంది. నన్ను ఎప్పుడూ ముట్టుకోనివ్వరు, వరస తప్పుతుందని. ఆ పెట్టె అడుగున నల్ల ఫైలు దొరికింది.

ఒరిజినల్స్ ఐదూ ఉన్నాయి. వాటి కింద వేరే కాగితాలు. పేర్లు వేరు వేరు యూనివర్సిటీలవి. ఫలానా తేదీన ఇంటర్వ్యూకి రాగలరు అని అన్నింటిలో ఒకే రకం మాట. లెక్కపెట్టాను, ఏడు. ప్రతి దాని పైమూలన పెన్సిల్‌తో ఆయన చిన్న చేతిరాత. "తెలియజేస్తామన్నారు." తర్వాతదాని మీద కూడా "తెలియజేస్తామన్నారు." ఒకదాని మీద "ప్రశ్న తెలిసినదే. గొంతు పెగల్లేదు." ఏడోది మొన్నటి శనివారానిది. దాని మూలన ఏమీ రాయలేదు.

స్టూలు మీదే కూర్చుండిపోయాను. రెండేళ్ళుగా సర్టిఫికెట్లు చంకన పెట్టుకుని తిరిగారు. ఎవరూ తీసుకోలేదు. తిరిగొచ్చి గువ్వ బొమ్మలు సర్దారు. నాకేమో బీరువా మీద చెప్పారు. నేను ఇన్నాళ్ళూ వెతికింది ఇంకో ఊరి కోసం, ఇంకో మనిషి కోసం. దొరికింది ఇది. దీనికన్నా ఇంకో మనిషే దొరికి ఉంటే అరవడానికైనా వీలుండేదని ఒక్క క్షణం అనిపించింది. పాపిష్ఠి బుద్ధి.

మెట్ల మీద గువ్వ గొంతు వినిపించేసరికి అన్నీ వరస తప్పకుండా పెట్టి దిగాను.

"ఏంటా చెమట?" అన్నారు.

"దుమ్ము దులిపానండి."

ఆయన కళ్ళు అలమార మీదికి వెళ్ళి వచ్చాయి. "పిల్ల ఉన్న ఇల్లు. ఊరికే దుమ్ము లేపకు."

"సరేనండి" అన్నాను. రాత్రి ఇద్దరం ఎవరికి ఎంత తెలుసో ఒకరినొకరు అంచనా వేసుకుంటున్నట్టు కూర్చుని తిన్నాం.

మూడో రోజు మేడమ్ నన్ను తన గదికి పిలిపించింది. తలుపు వేసింది. ఆ రోజు ఆవిడ ముఖాన నవ్వు లేదు, అందుకని ఇంకా భయం వేసింది.

"రేపు కమిటీ కూర్చుంటోంది. పెద్దసారు కుర్చీకి ఇద్దరి పేర్లు ఉన్నాయి. మీ పక్కింటి కెమిస్ట్రీ సారు, మీ ఆయన. కెమిస్ట్రీ సారు చేతిలో లెటర్ ఉంది, కుర్చీ ఇవ్వకపోతే వెళ్తానంటున్నాడు. మీ ఆయన ఏమీ అడగడు. అడగనివాడికి ఇవ్వడం మా వాళ్ళకి అలవాటు లేదు. ఈయన కూడా వెళ్ళిపోయేవాడే అని తెలిస్తే సంగతి వేరు." ఆగింది. "నువ్వు ఇంట్లో మనిషివి. చెప్పు. ఆయన్ని బయట ఎవరైనా అడుగుతున్నారా?"

లేదని చెప్తే నిజమే చెప్పినట్టు. అక్క కూతురి చదువు ఇక్కడే పూర్తవుతుంది. అక్క తలుపు మళ్ళీ పూర్తిగా తెరుచుకుంటుంది. మా ఆయన మాత్రం ఇంకో ఎండాకాలం పెన్సిల్ పట్టుకుని ఆ మూలన అదే మాట రాసుకుంటారు.

"ఏడు చోట్ల నుంచి కాగితాలు వచ్చాయి మేడమ్" అన్నాను. "నా కళ్ళతో చూశాను."

"ఏడా?"

"ఏడు."

ఆవిడ పెన్ను తీసింది. ఈసారి నా మాట నా ఎదురుగానే రాసుకుంది. అంకె కింద గీత కూడా గీసింది.

కుర్చీ మా ఆయనకే వచ్చింది. కాగితం పట్టుకుని ఇంటికొచ్చి, "నన్ను హెడ్డుని చేశారు" అన్నారు, ఎవరో తెలిసినాయన గురించి చెప్తున్నట్టు. గువ్వని ఎత్తుకుని గిరగిరా తిప్పారు. దానికి ఎగశ్వాస వస్తుందని నేను మొత్తుకునేదాకా తిప్పుతూనే ఉన్నారు. ఆ తర్వాత కిటికీ దగ్గర నిలబడి చాలాసేపు ఆ కాగితాన్నే చూశారు.

"అగ్రిమెంట్ రాయాలట. ఐదేళ్ళు."

"రాయండి మరి."

"నాకు బయట డిమాండ్ ఉందని కమిటీలో అన్నారట. ఎవరు చెప్పారో!"

నేను గువ్వకి మందు పడుతున్నాను. చెంచా మీంచి కన్ను తీయలేదు.

ఆ వారమే అక్కావాళ్ళు ఖాళీ చేశారు. పట్టపగలు, దుప్పటి లేకుండా, అట్టపెట్టెలు వరండా నిండా పేర్చి. పెద్దమ్మాయి హాస్టల్లో ఉండి చదువుకుంటుందట. సాయం చేద్దామని వెళ్ళి ఒక పెట్టె పట్టుకోబోయాను.

"వద్దులే పిల్లా, నీ చేతులు ఆఫీసు కాగితాలు పట్టుకునే చేతులు. మా గిన్నెల మసి అంటుతుంది" అంది.

"అక్కా, నేను నీ మాట ఎవరికీ..."

"చెప్పలేదని తెలుసు. నా మాట చెప్పలేదు. మీ మాట చెప్పుకున్నావు. తప్పేముంది, ఎవరి మొగుడు వాళ్ళకి." గువ్వ బుగ్గ గిల్లి, దానికిష్టమని ఒక బిస్కెట్ పొట్లం చేతిలో పెట్టింది. నా వైపు మళ్ళీ చూడలేదు. బండి గేటు దాటేదాకా నేను మెట్ల మీదే ఉన్నాను.

మర్నాడు పదింటికి మా ఆయన రికార్డు రూముకి వచ్చారు. నేను చేరాక ఆ గుమ్మం తొక్కడం అదే మొదటిసారి. అగ్రిమెంట్ ప్రకారం ఒరిజినల్స్ మళ్ళీ లోపల పెట్టాలి. తీసుకుని రశీదు ఇవ్వాల్సింది నేనే. చేతిలో నల్ల ఫైలు ఉంది. మేడమ్ కూడా వెనకే వచ్చి బీరువాకి ఆనుకుని నిలబడింది.

"ఇవి..." అన్నారు ఆయన. ఇంటి దగ్గర ఆయన అబద్ధానికి నేను ఒక్కదాన్నే సాక్షిని. ఇక్కడ ఆ అబద్ధం ఆయన చేతిలోనే ఉంది.

"ఇలా ఇవ్వండి సార్" అన్నాను.

ఒక్కోటి తీసి పైకి చదివాను. పదో తరగతి. పన్నెండో తరగతి. డిగ్రీ. పీజీ. డాక్టరేట్. ఐదు. రిజిస్టర్‌లో ఆయన పేరు పక్కన నేను వదిలేసిన ఖాళీలో రాశాను. ఆయన సంతకం పెట్టారు. పెన్ను తిరిగి ఇచ్చేటప్పుడు వేళ్ళు చల్లగా తగిలాయి.

"ఆ కవరులో రెండేళ్ళ కిందటి చీటీ ఒకటి ఉంటుంది. ఇక దానితో పనిలేదు, చింపేసెయ్" అంది మేడమ్ నాతో, మళ్ళీ మామూలుగా నవ్వుతూ. ఆవిడ చెప్పులు వరండా చివరిదాకా టకటకలాడుతూ వెళ్ళిపోయాయి.

ఆ కవరు ఖాళీ అని ఆవిడకి ముందే తెలుసు. నేను ఆ కుర్చీలో కూర్చోకముందే తెలుసు. సర్టిఫికెట్లు రెండేళ్ళుగా ఇంట్లో పెట్టుకుని కూడా కదలని మనిషంటే బయట ఎవరూ తీసుకోని మనిషేనని కూడా తెలిసే ఉంటుంది. మరి నన్నెందుకు అడిగింది? లెటర్ చూపించి గద్దించే మనిషి కన్నా, ఏమీ అడగని మనిషి ఆ కుర్చీలో ఉంటే వాళ్ళకి సుఖమేమో. కమిటీ కాగితంలో రాసుకోవడానికి ఎవరిదో ఒక నోటిమాట కావలసి వచ్చిందేమో. నన్ను నేను ఎంత తెలివిగలదాన్ని అనుకున్నానో!

గదిలో మేమిద్దరమే మిగిలాం. ఆయన వెళ్ళలేదు.

"కమిటీకి చెప్పింది నువ్వేనా?"

"నేనే."

"ఏమని?"

"ఏడు చోట్ల నుంచి కాగితాలు వచ్చాయని."

ఆయన ముఖం ఎర్రబడుతుందనుకున్నాను. లేదు. కిటికీలోంచి క్రెష్ వైపు చూశారు. గువ్వ కింద ఇసుకలో కూర్చుని ఉంది.

"ఏడోవాళ్ళు తీసుకున్నారు" అన్నారు.

నాకు వెంటనే అర్థం కాలేదు.

"నిన్న పొద్దున వచ్చింది లెటర్. వచ్చే నెల చేరమన్నారు. నువ్వు ఇక్కడ... పొద్దున్నే తల దువ్వుకుని వస్తున్నావు. పాపకి ఆసుపత్రి ఉంది." మిగతా సగం మింగేశారు.

"ఆ లెటర్ ఏదండీ?"

"చింపేశాను. ఇంట్లోనే."

ఆయన గొంతు పట్టుకోలేదు. నల్లబల్ల ముందు నిలబడ్డప్పుడు ఎలా ఉంటుందంటారో అలా, తేటగా ఉంది. నిజం చెప్పే మనిషి గొంతు అలాగే ఉంటుంది. హెడ్డు కుర్చీలో కూర్చోబోతూ భార్య ముందు తలెత్తుకోవాలనుకునే మనిషి గొంతు కూడా అలాగే ఉండొచ్చు. నేను ఆ ముఖంలోకి చూశాను. అందులో నాకు ఏ వైపుకీ ఆధారం దొరకలేదు.

"రశీదు తీసుకోండి" అన్నాను. మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళారు.

ఒంటిగంటకి గువ్వని తీసుకుని ఇంటికి వచ్చాను. చెత్త బండి మా వైపు రోజు విడిచి రోజు వస్తుంది, అదీ మూడింటికి గానీ రాదు. వంటింటి మూలన బుట్ట అలాగే ఉంది, మూత పెట్టి, నిన్నటిదీ ఇవాళ్టిదీ అందులోనే. చింపిన లెటర్ అంటూ ఉంటే అదీ అందులోనే. గువ్వకి అన్నం కలిపి పెట్టాను. నిద్రపుచ్చాను. తర్వాత వచ్చి బుట్ట ముందు నిలబడ్డాను. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. కింద బండి గంట మోగింది. మూత మీద చెయ్యి గట్టిగా నొక్కిపెట్టి, బుట్ట అలాగే ఎత్తుకుని మెట్లు దిగాను. బండివాడి చేతికిచ్చి, వాడు దాన్ని తిరగేసేలోపే మొహం అటు తిప్పుకున్నాను.